చేత్తో గిటార్ కట్టేవారికి: గాలిలో తేమ, పై పలక, ఆ తర్వాతే మిగతా పని

ఆరు స్టీల్ తీగలు, 12–53 సెట్టు (అంగుళంలో వెయ్యో వంతుల్లో సన్న, లావు తీగల మందం), మామూలు శ్రుతికి బిగించగానే గిటార్ మీద దాదాపు 73 కిలోల లాగుడు పడుతుంది. దాన్ని ఏళ్ల తరబడి మోయాల్సింది 3 మి.మీ. మందం మించని స్ప్రూస్ (తేలికైన, బిరుసైన ఒక చెక్క) పలక. మందంగా వదిలేస్తే గట్టిగా నిలబడుతుంది కానీ పలకదు. మరీ పలచన చేస్తే మొదట్లో బ్రహ్మాండంగా పలుకుతుంది, కొన్నాళ్లకు బ్రిడ్జి (పలక మీద తీగలు కట్టే ముక్క) వెనక ఉబ్బి, సౌండ్‌హోల్ దగ్గర కుంగిపోతుంది. ఈ రెంటి మధ్య ఎక్కడ ఆగాలో తెలియడంలోనే పనితనమంతా ఉంది. కొనేవాళ్లు ఎక్కువగా వెనుక పలక ఏ చెక్క అని అడుగుతారు. కానీ స్పెయిన్‌లో ఆంటోనియో దె తోరెస్ 1862లోనే వెనుకా పక్కలా అట్టతో చేసి, పై పలక మాత్రం స్ప్రూస్‌తో కట్టి, స్వరానికి మూలం ఎక్కడుందో చూపించాడు.

ఇక్కడి కొలతలన్నీ ఓఎం (ఆర్కెస్ట్రా మోడల్) సైజు గిటార్‌వి. అమెరికాలో నజరెత్ ఊళ్లోని మార్టిన్ కంపెనీ 1929లో తెచ్చిన నమూనా ఇది. పెట్టె 14వ ఫ్రెట్ (నెక్, అంటే మెడ, మీది లోహపు మెట్టు) దగ్గర మొదలవుతుంది. స్కేలు (మోగే తీగ పొడవు) 645.2 మి.మీ. కింది వెడల్పు 381, పై వెడల్పు 286, నడుము సుమారు 240 మి.మీ. లోతు తోక వైపు 105, నెక్ వైపు 83. మొదటిసారి కట్టేవారికి పెద్ద పెట్టె ఉండే డ్రెడ్‌నాట్ నమూనా కన్నా ఇదే మంచిది. పలక చిన్నది కాబట్టి మందం కాస్త అటూ ఇటూ అయినా కుంగే ప్రమాదం తక్కువ.

ముందు గది, తర్వాత చెక్క

ఉలి పట్టకముందు కొనాల్సింది తేమ మీటరు. పని గదిలో గాలి తేమ 40 నుంచి 45 శాతం మధ్య ఉండాలి. ఎందుకో లెక్కలో చూడండి. వానాకాలంలో విశాఖలోనో కాకినాడలోనో గాలి తేమ 80 శాతం ఉన్నప్పుడు చెక్క తనలో దాదాపు 16 శాతం నీరు పట్టి ఉంచుతుంది. అదే చెక్కను 45 శాతం తేమలో ఉంచితే ఆ నీరు ఎనిమిదిన్నర శాతానికి దిగుతుంది. ఈ తేడాకు 381 మి.మీ. వెడల్పున్న స్ప్రూస్ పలక సుమారు 4 మి.మీ. కుంచించుకుపోతుంది. పలక వెడల్పునే కుంచించుకుంటుంది, పొడవున దాదాపు మారదు. పలకకు అడ్డంగా అంటించిన బ్రేస్‌లలో (లోపలి ఊత బద్దలలో) చెక్క నార వాటి పొడవునే ఉంటుంది కాబట్టి అవి కురచ కావు. పలక తగ్గాలనుకుంటుంది, బ్రేస్‌లు తగ్గనివ్వవు. అప్పుడు పలక లోపలికి కుంగుతుంది, లేదా నిలువునా పగులుతుంది.

దీనికి ఎదురుగా జరిగితే అంత ప్రమాదం కాదు. పొడి గాలిలో అంటించిన పలక వానాకాలంలో కాస్త ఉబ్బుతుంది, తీగల ఎత్తు అర మిల్లీమీటరు పెరుగుతుంది, అంతే. అందుకే తప్పితే పొడి వైపే తప్పాలి. ఆగస్టులో కోస్తాలో కిటికీలు తెరిచిపెట్టి కట్టిన గిటార్ జనవరిలో షికాగోలోని చుట్టాలింటికి వెళ్తే, హీటర్ నడిచే ఆ ఇంట్లో తేమ 25 శాతానికి పడిపోతుంది. అక్కడ పలక పగిలితే తప్పు వాళ్లది కాదు. హైదరాబాదులో ఇబ్బంది తీరు వేరు. వానల్లో తేమ తగ్గించాలి, ఏప్రిల్–మే మధ్యాహ్నాల్లో 30 శాతం కిందకి పడిపోకుండా పెంచుకోవాలి.

ఇల్లంతా అదుపు చేయక్కర్లేదు. తలుపు సరిగ్గా మూసుకునే 10 అడుగుల గది ఒకటి, అందులో ఒక డీహ్యూమిడిఫయర్ చాలు. ఏసీ కూడా తేమ లాగుతుంది కానీ ఆగి ఆగి నడుస్తుంది కాబట్టి తేమ నిలకడగా ఉండదు. నెక్ చెక్కడం, రంపపు పని బయట చేసుకోవచ్చు. పలకలు అతకడం, బ్రేస్‌లు అంటించడం, పెట్టె మూయడం మాత్రం ఆ గదిలోనే జరగాలి. చవక మీటర్లు 10 శాతం దాకా తప్పు చూపిస్తాయి కాబట్టి ముందు పరీక్షించాలి. సీసా మూతలో ఉప్పు పోసి, ముద్దగా తడిసేంత నీళ్లు కలిపి, మీటరుతో పాటు గాలి దూరని జిప్ సంచిలో 12 గంటలు ఉంచండి. మీటరు 75 చూపించాలి. ఎంత తేడా ఉందో దాని వీపున రాసిపెట్టుకోండి.

కొత్తగా వచ్చిన పలకల మధ్య సన్నని పుల్లలు పెట్టి పేర్చి, వంటింటి డిజిటల్ కాటాతో రెండు రోజులకోసారి తూచండి. 4 మి.మీ. మందంలో వచ్చే సగం పలక 200 గ్రాముల చుట్టూ ఉంటుంది. కోస్తా వానగాలి నుంచి పొడి గదిలోకి వస్తే 12, 13 గ్రాములు తగ్గుతుంది. బరువు వారం పాటు కదలకుండా నిలిచాకే దాని మీద పని మొదలుపెట్టాలి.

చెక్క ఎంపిక

పై పలకకు స్ప్రూస్ బయటి నుంచి తెప్పించుకోవాల్సిందే. సిట్కా, ఎంగెల్‌మన్, యూరప్ స్ప్రూస్, ఏదైనా సరే. టేకు, పనస, మామిడి వెనుకకూ పక్కలకూ బాగుంటాయి. బొబ్బిలి వీణకు వాడే పనస గిటార్ వెనుక పలకగా చక్కగా ఒదుగుతుంది. పై పలకకు మాత్రం వాటి బిరుసుకు మించిన బరువుంటుంది. స్ప్రూస్ అంచును చూస్తే వయసు గీతలు పలక ముఖానికి నిలువుగా, సూటిగా ఉండాలి. గీతలు ఎంత దగ్గరగా ఉన్నాయన్నది జనం అనుకునేంత ముఖ్యం కాదు. చేత్తో వంచి చూసినప్పుడు అడ్డంగా కూడా బిరుసుగా ఉండటం ముఖ్యం.

వెనుకా పక్కలకూ మన రోజ్‌వుడ్ ప్రపంచమంతా వాడేదే. బ్రెజిల్ చెక్క దొరకడం కష్టమయ్యాక మార్టిన్ కూడా 1969లో దీనికే మారింది. రోజ్‌వుడ్, టేకు రెంటిలోనూ నూనె ఉంటుంది. అంటించే ముందు ఆ చోటును తాజాగా గీకి, అసిటోన్ గుడ్డతో తుడిచి, అరగంటలోపు జిగురు పెట్టాలి. ముందురోజు గీకి పెట్టుకుంటే నూనె మళ్లీ పైకి వస్తుంది.

జిగురు విషయంలో రాజీ వద్దు. ఫర్నిచరుకు వాడే తెల్ల జిగురు ఆరాక కూడా మెత్తగానే ఉంటుంది. ఎడతెగని లాగుడుకు, ఎండవేడికి మెల్లగా జారుతుంది. బ్రిడ్జి, బ్రేస్‌ల దగ్గర అలా జారితే గిటార్ పోయినట్టే. వాద్యాలకు వాడే పసుపు అలిఫాటిక్ జిగురు గానీ, 60 డిగ్రీల వేడి నీటిలో కరిగించిన పశు జిగురు గానీ వాడండి.

పై పలక

రెండు సగాల అంచులు పొడవాటి చిత్రికతో సూటి చేసి, కలిపి పట్టుకుని కిటికీ వెలుతురుకు చూడండి. ఎక్కడా వెలుగు గీత కనబడకూడదు. కనబడే సందును క్లాంపుతో బిగించి మూద్దామనుకోవద్దు. పదేళ్లకైనా సరే అతుకు అక్కడే విడుతుంది. జిగురు పెట్టాక ఒత్తిడి మితంగా చాలు.

అతికాక 3.3 మి.మీ.కు దించి రోజెట్ (సౌండ్‌హోల్ చుట్టూ వేసే అలంకార వలయం) గాడి తీయండి, లోతు 1.5 మి.మీ. రోజెట్ అంటించి పలకతో సమం చేశాక 98 మి.మీ. సౌండ్‌హోల్ కోయండి. అసలు మందం ఆ తర్వాత, లోపలి వైపు నుంచి తీయాలి. సిట్కా అయితే మధ్యలో 2.8 దగ్గర, అంచుల్లో 2.4 దగ్గర ఆగండి. మెత్తటి ఎంగెల్‌మన్ అయితే మధ్యలో 3.0 ఉంచండి. డయల్ గేజితో (సన్న కొలతలు చూపే ముల్లు పరికరంతో) పలకంతా కొలిచి, పెన్సిలుతో చెక్క మీదే అంకెలు వేసుకుంటూ పోవాలి.

ఇక్కడ ఒక్క సూత్రం గుర్తుండాలి. బిరుసు మందానికి ఘనంగా మారుతుంది. 3.0 నుంచి 2.7కు దించితే మందం పోయింది పదో వంతే, బిరుసు మాత్రం 27 శాతం పోయింది. బ్రేస్ ఎత్తుకూ ఇదే లెక్క. వెడల్పు సగం చేస్తే బిరుసు సగమే తగ్గుతుంది, ఎత్తు సగం చేస్తే ఎనిమిదో వంతే మిగులుతుంది. చివర్లో ఒక్కో చిత్రిక పొర తీసి ఆగి చూడమనేది ఇందుకే.

బ్రేస్‌లు

బ్రేస్ చెక్కను రంపంతో కాకుండా ముందు ఉలితో చీల్చండి. చీలిక ఏ దారిన పోయిందో నార ఆ దారిన ఉన్నట్టు. ఆ ముఖాన్ని ఆధారం చేసుకుని మిగతా ముఖాలు కోయాలి. నార ఏటవాలుగా తెగిన బ్రేస్ చూపుకు లావుగా ఉన్నా చేత్తో విరుగుతుంది.

ఎక్స్ బ్రేస్‌లు రెండూ 8 మి.మీ. వెడల్పు, కలిసే చోట 15 మి.మీ. ఎత్తు. వాటి మధ్య కోణం 98 డిగ్రీలు. ఆ కూడలి సౌండ్‌హోల్ అంచు నుంచి 40 మి.మీ. కింద రావాలి. గీసుకునేటప్పుడు 152 మి.మీ. బ్రిడ్జిని కూడా కాగితం మీద గీసి చూడండి. ఎక్స్ కాళ్లు దాని రెండు రెక్కల చివరల కిందుగా పోవాలి. అలా పోకపోతే బ్రిడ్జి మెలి తిరగకుండా ఆపేది ఏదీ ఉండదు. కాళ్ల మధ్య మేపుల్ బ్రిడ్జి ప్లేటు, 2.5 మి.మీ. మందం, రెండు కాళ్లకూ ఆనుకుని కూర్చోవాలి. వెనక రెండు టోన్ బార్లు 8 × 12, పక్కలకు రెండేసి చిన్న బ్రేస్‌లు 6 × 9, సౌండ్‌హోల్ పైన అడ్డ బ్రేస్ 12 × 16.

అడ్డ బ్రేస్ తప్ప మిగతావన్నీ ఉబ్బు మీద అంటించాలి. పై పలకకు 8.5 మీటర్ల వ్యాసార్ధం, అంటే 381 మి.మీ. వెడల్పులో మధ్యన సుమారు 2 మి.మీ. ఎత్తు. వెనుక పలకకు 4.5 మీటర్లు, అంటే 4 మి.మీ. ఆ వంపున్న గుంట పలకను కొనవచ్చు, రౌటర్‌తో చేసుకోవచ్చు. క్లాంపుల బదులు వెదురు బద్దలు వాడండి. కింద బల్ల, 600 మి.మీ. పైన గట్టి ప్లైవుడ్, మధ్యన 640 మి.మీ. బద్దలను వంచి నిలబెడితే ఒక్కో బ్రేస్‌ను నాలుగైదు చోట్ల సమంగా నొక్కుతాయి. మన దగ్గర ఇంత చవగ్గా దొరికే మంచి పనిముట్టు ఇంకోటి లేదు.

ఎక్స్ కూడలిలో రెండు బ్రేస్‌లూ సగం సగం కోసి ఒకదాన్లో ఒకటి కూర్చుంటాయి. పై ముఖం తెరిచి ఉన్న బ్రేస్‌కు అక్కడ సగం ఎత్తే పనిచేస్తుంది. ఆ అతుకు మీద 2 మి.మీ. స్ప్రూస్ ముక్క గానీ, జిగురులో తడిపిన నూలు గుడ్డ గానీ తప్పక అంటించాలి. కొత్తవారి గిటార్లు కుంగడానికి చాలాసార్లు ఈ ఒక్క ముక్క లేకపోవడమే కారణం.

జిగురు ఆరాక చెక్కడం. మొదటి గిటార్లకు మధ్యలో గుంట తీసే స్కాలప్ పద్ధతి వద్దు. కూడలి నుంచి చివరకు నిదానంగా వాలేలా చెక్కి, ఎక్స్ చివరలను 2.5 మి.మీ. దగ్గర ఆపండి. ముందు బ్రేస్ పక్కలను తొలిచి పైభాగాన్ని కొనదేలిస్తే బరువు పోతుంది, ఎత్తు నిలుస్తుంది. ప్రతి దశలోనూ బ్రిడ్జి చోట వేలి కణుపుతో తట్టి వినండి. మొదట పొట్టిగా, మొద్దుగా వచ్చే శబ్దం చెక్కేకొద్దీ దిగి, సాగుతుంది. చెవికి అలవాటయ్యేదాకా దానికి తోడు ఒక కొలత పెట్టుకోండి. పలక అంచులను చట్రం మీద ఆనించి, బ్రిడ్జి చోట 2 కిలోల బరువు పెట్టి, ఎంత దిగిందో డయల్ గేజితో చూసి పుస్తకంలో రాయండి. ఆ గిటార్ తీగలు ఎక్కి ఏడాది గడిచాక ఎలా ఉందో ఆ అంకె పక్కనే రాయాలి. నాలుగైదు గిటార్లయ్యేసరికి ఏ పుస్తకంలోనూ దొరకని అంకెలు మీ దగ్గర ఉంటాయి, ఎందుకంటే అవి మీ చెక్కకు, మీ చేతికి సరిపోయే అంకెలు.

పక్కలు, పెట్టె

రోజ్‌వుడ్ పక్కలను 2.0 మి.మీ.కు దించండి. 2.3 ఉంటే నడుము దగ్గర విరుగుతాయి. ఇనుప గొట్టం లోపల వేడి పెట్టి, పైన నీటిచుక్క వేస్తే చుక్క నిలవకుండా గెంతుతూ పోవాలి. అది 150–170 డిగ్రీల వేడి. అన్నిటికన్నా ఇరుకు వంపు నడుముది, దాన్నే ముందు వంచాలి. రోజ్‌వుడ్‌ను నీళ్లలో నానబెట్టొద్దు, రంగు కారుతుంది. తడిగుడ్డ అద్దితే చాలు. బయటి వైపు పలచని స్టీలు రేకు ఆనించి వంచితే నార లేవదు. చెక్క తనంతట తాను లొంగే క్షణం చేతికి తెలుస్తుంది. అంతకుముందు బలం పెట్టడమే విరగడానికి కారణం. వంచాక అచ్చులో ఒక రాత్రి ఉంచండి.

పక్కల లోపలి అంచున, పలకలు అంటుకోవడానికి వేసే లైనింగు పట్టీలు 6 × 15 మి.మీ. వాటికి బట్టల క్లిప్పులకు రబ్బరు బ్యాండు చుట్టి బిగిస్తే క్లాంపులు కొనక్కర్లేదు. మూసే ముందు అంచు చట్రానికి కూడా పలకల వంపే రావాలి. శాండ్ పేపర్ అంటించిన అదే గుంట పలక మీద రుద్దితే వస్తుంది. పలకలను బలవంతాన వంచి మూసిన పెట్టెలో బిగువు శాశ్వతంగా ఉండిపోతుంది. ఎక్స్ బ్రేస్ చివరలు లైనింగులో గాడి తీసి కూర్చోవాలి. అంచు పట్టీలు 2 × 6 మి.మీ. గాడిలో, టేపుతో బిగించి అంటించడం ఓపిక పని తప్ప కష్టమైన పని కాదు.

నెక్ కోణం

మహోగని నెక్, దాని లోపల వంపు సరిచేసే, రెండు వైపులా తిరిగే ట్రస్ రాడ్ (ఇనుప కడ్డీ). పెట్టెకు డవ్‌టెయిల్ (చెక్కలో చెక్క దిగే గూటి అతుకు) బదులు రెండు 6 మి.మీ. బోల్టులతో కలపండి. స్వరంలో తేడా వినబడదు, పదేళ్ల తర్వాత కోణం సరిచేయాల్సి వస్తే గంట పని.

కోణం చూసే పద్ధతి ఇది. ఫ్రెట్లు కొట్టిన బోర్డు మీద సూటి స్టీలు స్కేలు పెట్టి బ్రిడ్జి దాకా చాపితే, అది 9.5 మి.మీ. ఎత్తున్న బ్రిడ్జి పైముఖాన్ని తాకుతూ గానీ, అర మిల్లీమీటరు పైన గానీ పోవాలి. ఇంకా దిగువన తగిలితే శాడిల్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే సన్న ముక్క) పొట్టిదై స్వరం పోతుంది. ఎక్కువ పైన పోతే శాడిల్ పొడవై పలకను మెలిపెడుతుంది. సరిదిద్దడానికి గుడ్డిగా గీకొద్దు. 14వ ఫ్రెట్ నుంచి శాడిల్‌కు దూరం 287 మి.మీ., నెక్ మడమ ఎత్తు 83. బ్రిడ్జి దగ్గర గీత 2 మి.మీ. లేవాలంటే మడమ కొస దగ్గర తీయాల్సింది 2 × 83 ÷ 287, అంటే 0.6 మి.మీ. అంతకు మించి ఒక్క గీకు కూడా వద్దు.

ఫ్రెట్లు, బ్రిడ్జి

ఫ్రెట్ దూరాలకు మిగిలిన పొడవును 17.817తో భాగిస్తూ పోవాలి. మొదటిది నట్ (నెక్ పై కొసన తీగలు ఆనే ముక్క) నుంచి 36.21 మి.మీ., రెండోది 70.39, పన్నెండోది 322.6. గుర్తులన్నీ నట్ నుంచే పెట్టండి. ఒక ఫ్రెట్ నుంచి మరో ఫ్రెట్‌కు కొలిస్తే చిన్న తప్పులు పోగై పైకి పోయేకొద్దీ శ్రుతి చెడుతుంది. గాడి వెడల్పు 0.6 మి.మీ.

పాలిష్ పలచగా ఉన్నంతవరకు లక్క అయినా నైట్రో (నైట్రోసెల్యులోజ్ లాకర్) అయినా సరే. లక్క స్వరానికి హాయి, చెమటకూ వేడికీ మాత్రం తట్టుకోదు. నైట్రో వేశాక రుద్దడానికి మూడు, నాలుగు వారాలు ఆగండి.

బ్రిడ్జి పాలిష్ తర్వాతే. తీగ నొక్కితే సాగి శ్రుతి పెరుగుతుంది కాబట్టి శాడిల్ స్కేలు కన్నా దూరంగా ఉండాలి. సన్న తీగ దగ్గర 2 మి.మీ., లావు తీగ దగ్గర 5 మి.మీ. ఎక్కువ. బ్రిడ్జి అడుగు భాగాన్ని పలక ఉబ్బుకు సరిగ్గా రుద్ది, కింద పాలిష్ పూర్తిగా గీకి, చెక్కకు చెక్క తగిలేలా అంటించి 24 గంటలు వదలండి. బ్రిడ్జిలు లేచిపోయేది మూడు కారణాల వల్ల: అంచుల్లో మిగిలిన పాలిష్, సమతలంగా వదిలిన అడుగు, మే నెల ఎండలో కారులో మరిచిపోవడం.

తీగలు ఎక్కించాక

మొదట నట్. తీగను 3వ ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టినప్పుడు 1వ ఫ్రెట్ మీద కాగితం పట్టేంత సందు ఉండాలి. తర్వాత ట్రస్ రాడ్‌తో 7వ ఫ్రెట్ దగ్గర 0.2 మి.మీ. వంపు. చివరగా శాడిల్. 12వ ఫ్రెట్ మీద లావు తీగ ఎత్తు 2.4, సన్న తీగ 1.8 మి.మీ. అక్కడ 1 మి.మీ. తగ్గాలంటే శాడిల్‌లో 2 మి.మీ. తీయాలి. ఈ వరుస తారుమారైతే పని మళ్లీ మొదటికి వస్తుంది. మొదటి నెలలో పలక లాగుడుకు సర్దుకుని ఎత్తు కాస్త పెరుగుతుంది, కాబట్టి శాడిల్‌ను చివరి కొలతకు రుద్దడం ఆ నెల తర్వాత పెట్టుకోండి. బ్రిడ్జి వెనక కొద్దిపాటి ఉబ్బు సహజం. బ్రిడ్జి 2 డిగ్రీలకు మించి ముందుకు వాలితే తీగలు దించి, లోపల అద్దం పెట్టి బ్రేస్ అతుకులు చూడండి.

విదేశానికి పంపేటప్పుడు తీగలను పూర్తిగా వదులు చేయక రెండు స్వరాలు దించి, కేసులో తేమ ప్యాకెట్లు పెట్టండి. 2017 జనవరి నుంచి, అప్పటికే మొదటి పట్టికలో ఉన్న బ్రెజిల్ చెక్క తప్ప, రోజ్‌వుడ్ జాతి అంతా సైటిస్ (ముప్పున్న జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో పట్టికలో ఉంది. 2019 నవంబరు 26 నుంచి, మన రోజ్‌వుడ్‌తో పూర్తిగా తయారైన వాద్యాలకు సైటిస్ అనుమతి అక్కర్లేదు. విడి పలకలకు ఇప్పటికీ కావాలి. బిల్లులో చెక్క శాస్త్రీయ నామం, డాల్బెర్జియా లాటిఫోలియా, రాసి, చెక్క కొన్న రశీదు నకలు గిటార్‌తో పాటు కేసులోనే పెట్టండి.